రోగిశయ్య చెంత నిలిచినవారు

సుమారు రెండువేల యేండ్ల నాటి చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు గలవని చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధద్రవ్యము, ఉపస్థాత, రోగి అనునవి యా నాలుగు. ఉపస్థాత యనగా రోగి చెంత నిలిచి పరిచర్య చేయువాడు. వానికి నాలుగు గుణము లుండవలెనని యా గ్రంథమే విధించినది. ఉపచారము తెలిసియుండుట, పనియందు దక్షత, రోగియెడ అనురాగము, శౌచము అనునవి యా గుణములు. ఈ నాలుగు పాదములలో మూడింటిని లోకము గుర్తించుచునే యున్నది. వైద్యుని పేరు ఆసుపత్రి బోర్డుమీద నుండును. ఔషధమునకు వెల కట్టబడును. రోగి తన బాధను తానే చెప్పుకొనును. ఉపస్థాత పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పాదమును మోయుచున్న నర్సు సహాయకులు సుమారు 14 లక్షలమంది కలరు. శిక్షణ పొంది, పరీక్షయందు నెగ్గి, రాష్ట్రప్రభుత్వపు పట్టికలో పేరు నమోదు చేసికొన్న వీరిని అచ్చట సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లని పిలుతురు. వీరిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు. నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు, పరదేశములనుండి వలస వచ్చినవారు అధికసంఖ్యలో నున్నారు. ప్రతి సంవత్సరము జూన్ మాసమున వీరి గౌరవార్థము ఒక వారమును జరుపుదురు. యజమానులు ఆ వారమున అభినందనపత్రములును, ఫలహారములును పంచిపెట్టుదురు. ఈ యభినందనమును మేము ఆక్షేపింపము. మంచిమాట యెప్పుడును మంచిదే. కాని గౌరవ మొక వారమును, అలక్ష్యము తక్కిన యేబదియొక్క వారములును నైనచో, ఆ గౌరవమునకు విలువ యెంతయో విచారింపవలసియున్నది.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలెను. మన పట్టణములలో నర్సింగ్ హోము అనగా ప్రైవేటు ఆసుపత్రి. రోగి నాలుగు దినములుండి, బిల్లు చెల్లించి, ఇంటికి పోవును. అమెరికాలో ఆ పేరుగలది వేరు. తమంతట తాము లేవలేని వృద్ధులు, పక్షవాతమున పడినవారు, మతిమరపు వ్యాధిచే కన్నబిడ్డల పేర్లనే మరచినవారు నెలల తరబడి, సంవత్సరముల తరబడి నివసించు గృహమది. పలువురకు అదియే కడపటి యిల్లు. 1965 లో మెడికేర్, మెడికేయిడ్ అను రెండు ప్రభుత్వ పథకములు ఏర్పడిన పిదప ఇట్టి గృహములు శీఘ్రముగ పెరిగినవి. నేడు అవి సుమారు 15 వేలు. అందు నివసించువారు సుమారు 12 లక్షలు. వారిలో పదింట ఆరుగురి ఖర్చును పేదలకొరకు నేర్పడిన మెడికేయిడ్ పథకమే భరించుచున్నది. గృహములలో అధికభాగము లాభార్జనకై నడపబడునవి. అనగా ప్రజాధనముతో జరుగు నీ సేవయందు వ్యాపారియు భాగస్వామియే.

అచ్చటి సహాయకురాలి పని యెట్టిదో చూడుడు. ప్రాతఃకాలమున విధికి వచ్చినది మొదలు ఆమె ఒక్కొక్క గదికి పోయి, నిద్ర లేపి, ముఖము కడిగి, పండ్లు తోమి, బట్టలు మార్చి, మంచము మీదినుండి చక్రముల కుర్చీలోనికి చేర్చవలెను. నిలువగలవారికి నడుమునకు పట్టీ కట్టి, పట్టుకొని నడిపింపవలెను. నిలువలేనివారిని యంత్రముతో నెత్తవలెను. మ్రింగలేనివారికి ముద్ద ముద్దగ తినిపింపవలెను. తొందరపడినచో అన్నము ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణముమీదికి వచ్చును. కదలలేనివారిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పనిచో పడకపుండ్లు పుట్టును. మలమూత్రములను శుభ్రపరుపవలెను. నాడిని, ఉష్ణమును, రక్తపుపోటును చూచి వ్రాయవలెను. ఇదియంతయు ముగియులోపల మొదటి గది గంట మరల మ్రోగును.

ఇవన్నియు చేతులు చేయు పనులు. చేతులకంటె మిన్నగ ఆమె కన్నులు చేయు పని యొకటి గలదు. వైద్యుడు అప్పుడప్పుడు వచ్చును. నర్సు మందులిచ్చి, కాగితములు నింపి, వేరొక గదికి పోవును. దినమంతయు రోగిని చూచునది సహాయకురాలు. నిన్న రొట్టె తిన్న ముసలామె నేడేల తినలేదు? ఎప్పుడును పలుకరించు తాత ఈ ఉదయమేల మౌనముగ నున్నాడు? మడమమీద ఈ యెఱ్ఱని మచ్చ నిన్న లేదే? ఇట్టి ప్రశ్నలు మొదట పుట్టునది ఆమె మనస్సునందే. వృద్ధులలో జ్వరము రాకయే రోగము ముదురుట కలదు. అన్నము సయింపకుండుటయో, మాట తడబడుటయో దానికి తొలి గుర్తు. ఆ గుర్తును చూచి ఆమె నర్సుతో చెప్పినచో రోగి యాసుపత్రికి పోనక్కరలేకయే కోలుకొనవచ్చును. ఆమె చూడకున్నను, చూచి చెప్పినమాట ఎవరును వినకున్నను, ఫలము వేరుగ నుండును.

ఈ వృత్తికి గౌరవము దానంతట లభింపలేదు. దాని చరిత్రలో నొక ఘట్టమును మన దేశీయులు తప్పక తెలిసికొనవలెను. 1969 మార్చి 20 వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రమందలి చార్లెస్టన్ నగరమున వైద్యకళాశాల ఆసుపత్రిలో నాలుగువందలకు పైగా కార్మికులు సమ్మెకట్టిరి. వారు దాదాపుగ నందరును నల్లజాతివారు, అందును స్త్రీలు. నర్సు సహాయకులు, వంటవారు, ఊడ్చువారు వారిలో నుండిరి. గంటకు 1 డాలరు 30 సెంట్లు వారి కూలి. తమ కష్టములను చెప్పుకొనబోయిన 12 మందిని యధికారులు పనినుండి తొలగించిరి. వారి నాయకురాలు మేరీ మౌల్ట్రీ. ఆమె న్యూయార్కు నగరమున లైసెన్సుగల ప్రాక్టికల్ నర్సుగ పనిచేసి స్వస్థలమునకు వచ్చినది. చార్లెస్టనులో ఆమె యర్హతను గుర్తింపక, సహాయకురాలి స్థాయికి దించిరి.

మార్టిన్ లూథర్ కింగ్ హతుడై యప్పటికి ఒక యేడాది మాత్రమే గడచినది. ఆయన సతి కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చి యా కార్మికులతో కలసి వీధులలో నడచెను. ఆయన సహచరుడు రాల్ఫ్ అబర్నాతి చెరసాలకు పోయెను. రాష్ట్రప్రభుత్వము సైనికులను దింపెను. వందలమంది నిర్బంధింపబడిరి. సుమారు నూరు దినములు పోరాటము సాగిన పిమ్మట, తొలగింపబడిన 12 మందిని మరల పనిలోనికి తీసికొనుటకును, కనీసపు కూలిని గంటకు 1 డాలరు 60 సెంట్లు చేయుటకును అధికారు లంగీకరించిరి. వారి సంఘమును మాత్రము గుర్తింపలేదు. ముప్పది సెంట్లకొరకు ఇంత పోరాటమా యని యడుగువా రుండవచ్చును. పోరాటము ముప్పది సెంట్లకొరకు కాదు. రోగి మలమును ఎత్తుచున్నంతమాత్రమున తాము హీనులము కామని చెప్పుటకొరకు. సత్యాగ్రహమును గన్న దేశము ఈ మాటను గ్రహింపలేకపోదు.

శిక్షణ, పరీక్ష యనునవి యటుపిమ్మట వచ్చినవి. వృద్ధగృహముల దుస్థితిని విచారించి 1986 లో అచ్చటి వైద్యవిజ్ఞాన సంస్థ యొక నివేదికను ప్రకటించెను. దాని ఫలితముగ 1987 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ సంతకముతో నొక శాసనము వెలువడెను. ఆ శాసనముననుసరించి సహాయకులకు కనీసము 75 గంటల శిక్షణ ఈయవలెను. అందు 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసి చూపవలెను. పిదప ప్రశ్నలకు సమాధానము చెప్పి, పనిని చేసి చూపి, పరీక్షలో నెగ్గవలెను. ప్రతి రాష్ట్రమును పేర్ల పట్టికను ఉంచవలెను. రోగిని కొట్టిన, దోచుకొన్న వారి సంగతియు నా పట్టికలో నెక్కును. ఏటేట 12 గంటల పునశ్శిక్షణ జరుగవలెను. కాలిఫోర్నియా 160 గంటలును, మెయిన్ రాష్ట్రము 180 గంటలును విధించినవి. 75 గంటలనగా రెండు వారముల పనికంటె తక్కువయని మరువరాదు. అయినను ఏమియు లేనిదానికంటె ఇది మేలే.

ఆ శాసనమువలన కలిగిన మేలును ఒక్క యుదాహరణముతో చెప్పవచ్చును. అంతకుమునుపు ఆ గృహములందు నూటికి సుమారు నలుబదిమందిని, పడిపోదురను భయముతోనో, అటునిటు తిరుగుదురను విసుగుతోనో, కుర్చీలకు, మంచములకు కట్టివేయుచుండిరి. నేడు అట్లు కట్టబడువారు నూటికి ఇద్దరికంటె తక్కువ. కట్టు విప్పినది శాసనము. విప్పినపిమ్మట ప్రక్కన నిలిచి పడకుండ పట్టుకొన్నది సహాయకురాలు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో జ్ఞానమును, దక్షతను, శౌచమును శాసనము పరీక్షింపగలిగెను. అనురాగమును పరీక్షించు శాసనము ఇంకను పుట్టలేదు. అది యామె తనంతట తాను ఇచ్చునట్టిది. లోకము దానిని ఉచితముగ పుచ్చుకొనుచున్నది.

ఎంత ఉచితముగ పుచ్చుకొన్నదో 2020 లో తేటపడెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రమందలి కిర్క్‌లాండ్ పట్టణమున నొక వృద్ధగృహమున కోవిడ్ వ్యాధి చెలరేగెను. మార్చి 13 వ తేదీన కేంద్రాధికారులు బంధువుల రాకపోకలను నిలుపుడని దేశమందలి గృహముల కెల్ల ఆదేశించిరి. బిడ్డలు కిటికీ అద్దము వెలుపల నిలువబడిరి. లోపల ఫోను పట్టుకొని, వినబడని చెవిచెంత కొడుకుమాటను వినిపించినది సహాయకురాలు. కొన్నిచోట్ల రక్షణ దుస్తులు లేక వారు వానకోటులను, చెత్తసంచులను తొడుగుకొని పనిచేసిరి. మరణశయ్యమీద నున్నవారి చేయి పట్టుకొన్నవారు పలుమారు వీరే. 2022 తొలిమాసములనాటికి ఇట్టి దీర్ఘకాల సంరక్షణగృహములలో నివాసులు, సిబ్బంది కలసి రెండులక్షలకు పైగా మరణించిరి. ఆ దినములలో జనులు సాయంవేళల కిటికీలలో నిలిచి చప్పట్లు చరచిరి. వ్యాధి తగ్గినది. చప్పట్లును ఆగినవి.

చప్పట్ల పిదప మిగిలినదేమి? 2023 లో ఈ సహాయకుల వార్షికవేతనము సుమారు 38 వేల డాలర్లు. మన రూపాయలలో లెక్కించిన పెద్ద మొత్తముగ తోచును. ఆ దేశమున ఇంటి అద్దె, బిడ్డను చూచుకొనుటకైన ఖర్చు, కారు ఖర్చు పోగా మిగులునది స్వల్పము. వీరిలో గణనీయమైన భాగము ప్రభుత్వపు ఆహారసహాయముమీదనో, పేదల వైద్యపథకముమీదనో ఆధారపడుచున్నది. రోగులను ఎత్తి ఎత్తి నడుము, భుజము చెడిపోవువారు మిక్కుటము. కండరములకు, కీళ్ళకు గాయములు అధికముగ తగులు వృత్తులలో ఇది యొకటియని ఆ దేశపు కార్మికగణాంకములే చెప్పుచున్నవి. వృద్ధులను మోయు నీమె తన వార్ధక్యమున తన్ను మోయుట కేమి కూడబెట్టుకొనగలదు?

ఇక పనిభారము. దీనిని లెక్కతో చూపుట మేలు. 2001 లో ఫెడరల్ ప్రభుత్వమునకు సమర్పింపబడిన యొక పరిశీలనము, రోగికి హాని కలుగకుండుటకు దినమునకు తలకు 2.8 గంటల సహాయకుల సేవ కావలెనని తేల్చెను. అనగా 2 గంటల 48 నిమిషములు. పదిమందికి ఒక సహాయకురాలు చొప్పున రేయింబవళ్ళు విడువక నిలిచినను, ఒక్కొక్కరికి దక్కునది 2 గంటల 24 నిమిషములే. ఎనిమిదిగంటల వంతులో తలకు 48 నిమిషములు. అందులోనే స్నానము, భోజనము, బట్టలు, మరుగు, నడక, వ్రాతకోతలు జరుగవలెను. ఆమె తన భోజనమునకు కూర్చుండిన నిమిషములును ఇందులోనివే. పగటివేళ పదిమందికంటె ఎక్కువమందిని ఒకరికే అప్పగించుట అరుదుకాదు. రాత్రివేళ సంఖ్య ఇంకను పెరుగును.

2024 లో ఫెడరల్ ప్రభుత్వము తుదకు నొక నిబంధన చేసెను. సహాయకుల సేవ దినమునకు తలకు 2.45 గంటలకు తగ్గరాదని యందు విధింపబడెను. ఇరువదిమూడేండ్లనాటి పరిశీలనము చెప్పినదానికంటె ఇది తక్కువే. ఆ తక్కువయు నిలువలేదు. 2025 ఏప్రిల్ మాసమున టెక్సాస్‌లోని యొక ఫెడరల్ న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివైచెను. జూలై 4 వ తేదీన సంతకమైన శాసనము 2034 సెప్టెంబరు నెలాఖరువరకు దాని యమలును నిలిపివైచెను. ఇట్లు నిలిపివైచినవారును జూన్ మాసపు వారోత్సవమున అభినందనలు పంపుచునే యుందురు.

గృహయజమానుల వాదమును వినకుండుట న్యాయము కాదు. మెడికేయిడ్ చెల్లించు సొమ్ము చాలదని, గ్రామప్రాంతములందు పనివారు దొరకరని, నిబంధన నిలిచినచో కొన్ని గృహములు మూతపడునని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. గ్రామమునందలి ఒక్కగానొక్క గృహము మూతపడినచో వృద్ధులు ఎచ్చటికి పోదురు? కాని పనివారు దొరకరను మాటను మేము అంగీకరింపజాలము. 2021 లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము ఆ గృహములలో నర్సింగు సిబ్బంది సంవత్సరమున సగటున నూటికి 128 చొప్పున మారుచుండిరి. అనగా నూరు ఉద్యోగములకు ఏడాదిలో నూటయిరువది యెనిమిదిమంది వదలిపోవుచుండిరి. పనివారు దొరకకున్న వదలిపోవుట యెట్లు? దొరకుచున్నారు, నిలుచుట లేదు. కుండకు చిల్లి యుండగా నూతిలో నీరు లేదనుట యుచితము కాదు. వేతనమును పెంచి, భారమును తగ్గించి, ఆ చిల్లిని పూడ్చుట ప్రథమకర్తవ్యము. ప్రభుత్వమిచ్చు సొమ్ము చాలనిచో పెంచవలెను. పెంచిన సొమ్ము లాభముక్రిందకు పోక పరిచర్య చేయువారికి చేరుచున్నదో లేదో లెక్క చూడవలెను.

పరదేశపు విషయము మనకేలయని పాఠకులు తలంపవచ్చును. మన బిడ్డలు వేలకువేలుగ ఆ దేశమున స్థిరపడిరి. వారి తల్లిదండ్రులు హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను, గ్రామములలోను ఒంటరిగ నున్నారు. 2011 జనాభాలెక్కల ప్రకారమే మన దేశమున అరువదియేండ్లు దాటినవారు 10 కోట్లకు పైబడిరి. వారిలో మంచము పట్టినవారిని చూచుచున్నదెవరు? డాలరు పంపువాడు కొడుకు. స్నానము చేయించునది ఆయా. ఆమె శిక్షణ పొందినదో లేదో అడుగువారు అరుదు. ఆమెకు వారమున కొక దినము సెలవు కలదో లేదో అడుగువారు అంతకంటె అరుదు. పంపిన మధ్యవర్తి తన భాగము తీసికొనును. 2007 లో మన పార్లమెంటు చేసిన శాసనము తల్లిదండ్రుల పోషణభారమును బిడ్డలపై మోపెను. అది యుచితమే. కాని ఆ భారమును చేతులతో మోయునది పరుల బిడ్డ. ఆమె పేరు ఏ పట్టికలోను కానరాదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అను పేరుతో మన దేశమునను శిక్షణ యేర్పడినది. అది ఆసుపత్రులనుండి ఇండ్లలోనికిని విస్తరింపవలెను.

వేతనముకంటె లోతైన దోషమొకటి మనలో గలదు. పరుల మలమూత్రములను తాకు పని హీనమనియు, చేయువారు హీనులనియు మనము తరతరములుగ నమ్మితిమి. మంచమున పడిన తండ్రికి ఆయా అన్నము తినిపించుచుండగా, అదే యింట ఆమెకు వేరు గ్లాసు పెట్టు కుటుంబములు ఇంకను లేవని గుండెమీద చేయి వేసికొని ఎవరు చెప్పగలరు? గాంధీమహాత్ముడు డర్బను నగరమున నొక చిన్న ధర్మాసుపత్రిలో ప్రతిదినము కొంతకాలము సేవ చేసెను. ఆ రోగులలో కూలి ఒడంబడికమీద పోయిన తమిళులు, తెలుగువారు, ఉత్తరదేశీయులు అధికులని ఆయన తన యాత్మకథలో వ్రాసికొనెను. సేవాగ్రామమున కుష్ఠువ్యాధిగ్రస్తుడైన సంస్కృతపండితుడు పర్చూరె శాస్త్రికి స్వహస్తములతో పరిచర్య చేసెను. ఆయన బారిష్టరు. ఆ పని తనకు హీనమని తలంపలేదు. మనకు హీనమైనచో దోషము పనియందు లేదు.

కావున మేము కోరునది చప్పట్లు కాదు. అమెరికాలోనైన, మన నగరములలోనైన, రోగిశయ్య చెంత నిలిచినవారికి చాలినంత శిక్షణ, చాలినంత కూలి, మోయగలిగినంత భారము, నడుము విరిగినచో ఆదుకొను ఏర్పాటు కావలెను. వారు రోగినిగూర్చి చెప్పుమాటను వైద్యుడు నిలిచి వినవలెను. ఇవి ప్రభుత్వములును, యజమానులును చేయవలసినవి. పాఠకులు చేయగలది యొకటి కలదు. మీ యింట వృద్ధురాలికి పరిచర్య చేయుచున్న యామె పేరేమి? ఆమె బిడ్డలు ఎచ్చట చదువుచున్నారు? ఆమె నిన్న ఎన్నిగంటలు నిద్రించినది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియనివారు నేడే యడిగి తెలిసికొందురుగాక. ఏనాటికైనను మనలో ప్రతివాడును ఆ మంచమునకు చేరవలసినవాడే. అప్పుడు మన చెంత నిలుచు చేయి అలసినదో, ఆదరము పొందినదో యనునది నేడు మనము చేయుదానినిబట్టి యుండును.